మందులు పనిచేయని డిప్రెషన్: పుట్టగొడుగు వైద్యం కోసం చూడాలా, ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోవాలా?

మా పిన్ని కొడుకు అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ పక్కనే ఉన్న హిల్స్‌బోరోలో ఉద్యోగం చేస్తున్నాడు. ఏడాదిన్నరగా డిప్రెషన్‌తో అవస్థ పడుతున్నాడు. ఈ మధ్య ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అక్కా, రెండు రకాల మాత్రలు వాడాను. ఏమీ తేడా లేదు. ఇక్కడ మ్యాజిక్ మష్రూమ్ సెంటర్లు లీగల్‌గానే ఉన్నాయి. ఒక్కసారి వెళ్తే చాలంటున్నారు. వెళ్లనా?"

వద్దని వెంటనే అనలేకపోయాను, వెళ్లమనీ అనలేకపోయాను. పదకొండేళ్ల కిందట మా అమ్మకి ఇదే జబ్బు ముదిరినప్పుడు ఆసుపత్రికీ ఇంటికీ తిరిగినదాన్ని నేను. "ఏ మందూ పనిచేయడం లేదు" అనే మాట వెనక ఎంత అలసట ఉంటుందో నాకు తెలుసు. ఆ అలసటలో ఉన్న మనిషికి కొత్తగా ఏది వినబడినా అదే ఆఖరి దారి అనిపిస్తుంది. వాడి కోసం వారం రోజులు కూర్చుని చదివి, వాడికి చెప్పిన మాటలన్నీ ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఇంట్లో ఇలాంటి నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినవాళ్లు డాక్టర్ దగ్గర ఏం అడగాలో తెలుసుకుని వెళ్లడానికి ఇది పనికొస్తే చాలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పుట్టగొడుగు (తింటే కొన్ని గంటల పాటు లోకం వేరుగా కనబడే రకం) మీద జరుగుతున్న పరిశోధన నిజమైనదే, అందులో ఆశ ఉంది. కానీ ఈరోజు దాన్ని వెతుక్కుంటూ వెళ్తున్నవాళ్లలో చాలామంది, తమ ఊళ్లోనే దొరికే, దానికంటే గట్టి రుజువు ఉన్న వైద్యాలను ఇంకా సరిగ్గా వాడి చూడలేదు.

రెండు మందులు నిజంగా వాడారా?

డాక్టర్ల లెక్కలో "మందులకు లొంగని డిప్రెషన్" అంటే కనీసం రెండు రకాల మందులు, సరైన మోతాదులో, సరిపోయినన్ని వారాలు వాడినా గుణం కనబడకపోవడం. ఒక్కో మందుకీ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇవ్వాలి. మావాడిని వివరంగా అడిగితే, మొదటి మాత్ర వికారంగా ఉందని పద్దెనిమిది రోజులకే ఆపేశాడని తేలింది. రెండోది నాలుగు నెలలు వేసుకున్నాడు గానీ మొదలుపెట్టిన చిన్న మోతాదులోనే వేసుకున్నాడు, పెంచలేదు. అంటే రెండూ పూర్తిగా వాడినట్టు కాదు.

2006లో ఫలితాలు వెలువడిన స్టార్-డి అనే పెద్ద అమెరికన్ అధ్యయనంలో సుమారు నాలుగు వేల మంది రోగులని వరసగా నాలుగు మెట్ల మీదుగా నడిపించారు. మొదటి మందుతో పూర్తిగా తేరుకున్నవాళ్లు సుమారు మూడోవంతు. రెండో మెట్టులో, మిగిలినవాళ్లలో దాదాపు 30 శాతం. మూడో మెట్టు, నాలుగో మెట్టు వచ్చేసరికి అది 13, 14 శాతానికి పడిపోయింది. ఆ లెక్కలు కాస్త ఎక్కువ చేసి చూపాయని తర్వాత విమర్శలు వచ్చాయి. అయినా రెండో మందు దాకా ఓపిక పట్టడంలో అర్థం ఉందనీ, ఆ తర్వాత మాత్రలు మారుస్తూ ఏళ్లు గడపకుండా వేరే రకం వైద్యం గురించి ఆలోచించాలనీ నాకు దాంట్లోంచి అర్థమైంది.

దీనికంటే ముందు చూసుకోవాల్సినవి కూడా ఉన్నాయి. మా అమ్మకి మొదట చూసిన డాక్టర్ ఆరు నెలలు మాత్రలు మార్చారే గానీ థైరాయిడ్ పరీక్ష రాయలేదు. రెండో డాక్టర్ రాస్తే థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. ఆ ఆరు నెలలు తలుచుకుంటే నాకిప్పటికీ బాధే. శాకాహారుల్లో బి12 తక్కువగా ఉండటం మన దగ్గర మామూలు, అదీ మనిషిని నీరసంలోకీ దిగులులోకీ లాగుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి బైపోలార్. కొన్నాళ్లు నిద్ర లేకుండా విపరీతమైన హుషారు, ఎడాపెడా ఖర్చులు, ఆ తర్వాత నెలల తరబడి మంచం పట్టడం, ఇలా ఉంటే అది వట్టి డిప్రెషన్ కాదు. దానికి మందులే వేరు. పుట్టగొడుగు సంగతిలో కూడా ఈ తేడా చాలా పెద్దది, ఎందుకో కింద చెప్తాను.

పుట్టగొడుగు లోపల ఏముంది

మనకి పుట్టగొడుగు అంటే వానలకి చెదపుట్టల మీద లేచేది, ఇంటికి తెచ్చి కూర వండుకునేది. పేడకుప్పల మీద లేచేవాటిని కుక్కగొడుగులని పెద్దవాళ్లు ముట్టుకోనిచ్చేవారు కాదు. ఈ మ్యాజిక్ మష్రూముల్లో బాగా పేరున్న రకం, సిలోసైబీ క్యూబెన్సిస్, పశువుల పేడ మీదే మొలుస్తుంది.

మెక్సికోలో ఓహాకా కొండల్లో ఉండే మజాటెక్ జనానికి ఇది తరతరాలుగా తెలుసు. అక్కడ వావుట్లా అనే ఊళ్లో మరియా సబీనా అనే నాటు వైద్యురాలు, జబ్బు చేసినవాళ్ల కోసం రాత్రంతా పాటలు పాడుతూ ఈ పుట్టగొడుగులతో పూజ చేసేది. 1957లో గోర్డన్ వాసన్ అనే అమెరికన్ బ్యాంకర్ లైఫ్ పత్రికలో ఆ రాత్రుల గురించి రాశాడు. దాంతో బయటివాళ్లు ఆ ఊరికి తండోపతండాలుగా వచ్చిపడ్డారు. ఆవిడ ఇల్లు తగలబడింది, ఊళ్లోవాళ్లు ఆవిడని దూరం పెట్టారు. వచ్చినవాళ్లు జబ్బు నయం చేసుకోవడానికి కాక దేవుణ్ణి చూడటానికి వచ్చారని ఆవిడ తర్వాత బాధపడింది. ఈ రోజు క్లినిక్కులు, కంపెనీ షేర్లు అన్నీ ఆ ఊరి నుంచి మొదలయ్యాయన్నది మరచిపోవడం నాకు ఇష్టం లేదు.

1958లో స్విట్జర్లాండ్‌లో ఆల్బర్ట్ హాఫ్మన్ ఈ పుట్టగొడుగుల్లోంచి సిలోసైబిన్ అనే పదార్థాన్ని విడదీశాడు. అది ఒంట్లోకి వెళ్లాక సిలోసిన్‌గా మారుతుంది, మెదడులో సెరటోనిన్ అనే రసాయనం కూర్చునే చోట్లలో ఒక రకాన్ని పట్టుకుంటుంది. అరగంట అటూ ఇటూగా మొదలై, ఒకటి రెండు గంటల్లో తారస్థాయికి వెళ్లి, నాలుగు నుంచి ఆరు గంటల్లో దిగుతుంది. ఆ సమయంలో రంగులూ శబ్దాలూ మారిపోతాయి, కాలం సాగిపోయినట్టు ఉంటుంది, "నేను" అనే గీత చెరిగిపోయినట్టు కొందరికి అనిపిస్తుంది. ఎప్పుడో మరచిపోయిన దుఃఖం కట్టలు తెంచుకుని రావచ్చు. కొందరికి అంతులేని శాంతి, కొందరికి గంటల తరబడి భయం, చాలామందికి రెండూ కలిసే వస్తాయి. రక్తపోటు, గుండె వేగం పెరుగుతాయి. తలనొప్పి, వికారం మామూలు.

పని చేసే తీరులో మామూలు మాత్రకీ దీనికీ తేడా ఇక్కడే. మాత్ర రోజూ వేసుకుంటూ ఉంటే దిగులు బరువు మెల్లగా తగ్గుతుంది. సిలోసైబిన్ ఒకటి రెండు సార్లే ఇస్తారు. ఆ ఒక్క రోజు కదిలించినదాన్ని తర్వాతి వారాల్లో కౌన్సెలింగ్‌లో కూర్చుని అర్థం చేసుకుంటారు. పాత ఆలోచనల గాడిలోంచి మనసు కొన్నాళ్లు బయటికి వస్తుందని పరిశోధకుల అంచనా.

ట్రయల్స్ ఏం చెప్పాయి

1970లో అమెరికా దీన్ని నిషేధిత మందుల మొదటి జాబితాలో పెట్టాక పరిశోధన ముప్ఫై ఏళ్ల పాటు దాదాపు ఆగిపోయింది. 2006లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రోలండ్ గ్రిఫిత్స్ బృందం ప్రచురించిన పనితో మళ్లీ ఊపందుకుంది. 2016లో అదే బృందం ప్రాణాంతకమైన క్యాన్సర్‌తో ఉన్న 51 మందికి ఇచ్చి చూస్తే, చావు భయం, దిగులు చాలామందిలో ఆరు నెలల దాకా తగ్గి ఉన్నాయి. నాకు వీటన్నిట్లో మనసుకి పట్టింది ఈ అధ్యయనమే. బతికే రోజులు తక్కువని తెలిసిన మనిషికి ఆ రోజులు భయం లేకుండా గడిచాయంటే అంతకంటే ఏం కావాలి.

మామూలు డిప్రెషన్ మాత్రతో నేరుగా పోల్చి చూసింది లండన్ ఇంపీరియల్ కాలేజీ. 2021లో 59 మందితో చేసిన ఆ ట్రయల్‌లో సగం మందికి సిలోసైబిన్, సగం మందికి మన దగ్గర మందుల షాపులో దొరికే ఎస్సిటలోప్రామ్ ఇచ్చారు. ఆరు వారాల తర్వాత ముందుగా అనుకున్న కొలమానం మీద రెంటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మిగతా కొన్ని కొలతల్లో సిలోసైబిన్ వైపు మొగ్గు కనబడింది గానీ వాటి మీద గట్టి తీర్మానం చేయలేమని పరిశోధకులే రాశారు. "మాత్రల కంటే వంద రెట్లు మేలు" అని వీడియోల్లో చెప్పేవాళ్లకి ఈ ఒక్క ట్రయల్ చూపిస్తే చాలు.

మందులకి లొంగని డిప్రెషన్ మీద పెద్ద ట్రయల్ కంపాస్ అనే కంపెనీది, 2022లో వచ్చింది. 233 మందిని మూడు వర్గాలు చేసి 25, 10, 1 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కసారి ఇచ్చారు. మూడు వారాలకి 25 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో 29 శాతం మంది దాదాపు పూర్తిగా తేరుకున్నారు, నామమాత్రపు మోతాదు తీసుకున్నవాళ్లలో 8 శాతం. అయితే పన్నెండు వారాల దాకా గుణం నిలిచినవాళ్లు ఆ 25 మిల్లీగ్రాముల వర్గంలో ఐదుగురిలో ఒకరే. ఆత్మహత్య ఆలోచనలు, తమను తాము గాయపరచుకోవడం మూడు వర్గాల్లోనూ కొందరిలో కనిపించాయి. 2025లో అదే కంపెనీ 258 మందితో చేసిన మూడో దశ ట్రయల్ ఫలితం చెప్పింది: మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే, 60 మార్కుల డిప్రెషన్ కొలబద్ద మీద సగటున 3.6 మార్కుల మేలు. మేలు ఉంది, కానీ ఊరంతా చెప్పుకుంటున్నంత లేదు.

ఇంకో చిక్కు ఉంది. ఈ ట్రయల్స్‌లో ఎవరికి అసలు మందు దొరికిందో వాళ్లకి గంటలోనే తెలిసిపోతుంది. ఎంతో ఆశతో వచ్చి ఉత్తుత్తి మాత్ర దొరికిందని తెలిసినవాళ్లు మరింత కుంగిపోతారు. దాంతో తేడా ఉన్నదానికంటే ఎక్కువ కనబడే ప్రమాదం ఉంది.

మద్యం మానడానికి చేసిన ట్రయల్ మాత్రం గట్టిగానే ఉంది. 2022లో వచ్చిన ఆ అధ్యయనంలో అందరికీ కౌన్సెలింగ్ ఇచ్చారు. సిలోసైబిన్ కూడా తీసుకున్నవాళ్లు విపరీతంగా తాగిన రోజులు దాదాపు 10 శాతానికి పడిపోయాయి, మిగతావాళ్లలో అవి 24 శాతం దగ్గర ఉన్నాయి. మన ఊళ్లలో తాగుడు చేసిన నాశనం చూసినవాళ్లకి ఈ అంకె విలువ తెలుస్తుంది.

రోజూ పిసరంత తీసుకునే మైక్రోడోసింగ్ గురించి చాలామంది అడుగుతారు. 2021లో 191 మంది తమకి తామే ఏ రోజు ఏది వేసుకుంటున్నామో తెలియకుండా చేసుకుని చూస్తే, ఉత్తుత్తి మాత్రలు మింగినవాళ్లకీ దాదాపు అంతే మేలు జరిగింది. దాని మీద డబ్బు పెట్టొద్దనే చెప్తాను.

ఆ గది లేకపోతే అది వైద్యం కాదు

ట్రయల్స్‌లో మందు ఇచ్చే గది ఎలా ఉంటుందో తెలిస్తే సంగతి సగం అర్థమవుతుంది. ఆసుపత్రి మంచం ఉండదు, సోఫా ఉంటుంది. దుప్పటి, మెత్తటి వెలుతురు. కళ్లకి గంతలు, చెవులకి హెడ్‌ఫోన్స్, ముందే ఎంచిపెట్టిన సంగీతం. పక్కన శిక్షణ పొందిన ఇద్దరు మనుషులు ఆరేడు గంటలు కదలకుండా కూర్చుంటారు. భయపడితే చెయ్యి పట్టుకుంటారు, ఆ చెయ్యి పట్టుకోవడానికి కూడా ముందే అనుమతి అడిగి ఉంచుతారు. అంతకు ముందు వారాల్లో అదే మనుషులతో ఎన్నో గంటల మాటలు, తర్వాత మళ్లీ మాటలు. మాత్ర మోతాదు మిల్లీగ్రాములతో సహా తెలుసు. రక్తపోటు చూస్తూ ఉంటారు.

గోవాలోనో కొడైకెనాల్‌లోనో ఎవడో పొట్లం కట్టి ఇచ్చినదానికి ఇందులో ఏ ఒక్కటీ ఉండదు. ఎండు పుట్టగొడుగులో మందు ఎంతుందో అమ్మేవాడికే తెలియదు. అడవిలో ఏరినవైతే చూడటానికి ఒకేలా ఉండే విషపు రకాలు ఉంటాయి, గలేరినా లాంటివి కాలేయాన్ని తినేస్తాయి. చాక్లెట్లు, గమ్మీల రూపంలో అమ్మేవాటిలో కొన్నిట్లో ఎర్ర టోపీ మీద తెల్ల చుక్కలుండే అమనీటా ఉంటుంది, దానికీ సిలోసైబిన్‌కీ సంబంధమే లేదు.

సిలోసైబిన్ ఎవరికి బొత్తిగా పనికిరాదంటే: తనకి గానీ, అమ్మానాన్నలకి, తోబుట్టువులకి గానీ స్కిజోఫ్రీనియా లేదా బైపోలార్ ఉన్నవాళ్లకి. వాళ్లలో ఇది మతిభ్రమణాన్నో ఉన్మాదపు హుషారునో రేపవచ్చు. అందుకే ట్రయల్స్‌లోకి వాళ్లని రానివ్వరు. మన ఇళ్లలో బాబాయికి ఉన్న ఆ జబ్బుని "గాలి సోకింది" అనో "చదువెక్కువై అలా అయ్యాడు" అనో చెప్పి దాచేస్తారు. ఈ విషయంలో ఆ దాపరికం ప్రమాదం. బైపోలార్‌కి వాడే లిథియం వేసుకునేవాళ్లకి మూర్ఛలు వచ్చిన కేసులున్నాయి. గుండెజబ్బు, అదుపులేని బీపీ ఉన్నవాళ్లకీ కుదరదు. డిప్రెషన్ మాత్రలు వాడుతుంటే సిలోసైబిన్ ప్రభావం మందగిస్తుంది. దాని కోసమని డాక్టర్‌కి చెప్పకుండా మాత్రలు ఆపేయడం అన్నిటికంటే భయంకరమైన పని.

చట్టం

మన దేశంలో సిలోసైబిన్, సిలోసిన్ రెండూ 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కింద నిషేధం. చిన్న మొత్తానికి ఏడాది దాకా, వ్యాపార మొత్తానికి పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా జైలు. 2025 జనవరిలో కేరళ హైకోర్టు ఒక బెయిల్ ఉత్తర్వులో, పుట్టగొడుగు మొత్తం బరువుని మందు బరువుగా లెక్కకట్టలేమని అంది. దాన్ని పట్టుకుని "పుట్టగొడుగులు లీగల్ అయ్యాయి" అని ప్రచారం జరిగింది. అది ఒక మనిషికి బెయిల్ ఇచ్చిన ఉత్తర్వు. లోపల ఉన్న మందు నిషేధంలోనే ఉంది.

ఆస్ట్రేలియాలో 2023 జూలై 1 నుంచి, అనుమతి పొందిన సైకియాట్రిస్టులు మందులకి లొంగని డిప్రెషన్‌కి దీన్ని రాయవచ్చు. మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో ఉండే తెలుగువాళ్లకి ఇది నిజంగా అందుబాటులో ఉన్న దారే, ఖర్చు మాత్రం పదివేల డాలర్లకు పైమాటే. నా లెక్కలో ఒరెగాన్ సెంటర్ కంటే ఇది చాలా నయం, ఎందుకంటే డాక్టర్ చేతిలో ఉంటుంది.

ఒరెగాన్‌లో 2020 నవంబర్‌లో ప్రజలు ఓటేసి తెచ్చుకున్న చట్టంతో 2023లో సెంటర్లు తెరుచుకున్నాయి. 21 ఏళ్లు నిండితే చాలు, జబ్బు ఉందని డాక్టర్ రాయనక్కర్లేదు. పక్కన కూర్చునే మనిషి డాక్టర్ కానక్కర్లేదు, శిక్షణ పొంది లైసెన్స్ తీసుకుంటే సరిపోతుంది. గత ముప్ఫై రోజుల్లో లిథియం వాడినవాళ్లని రానివ్వరు. మావాడికి నేను ముఖ్యంగా చెప్పింది వేరే సంగతి. అది రాష్ట్ర చట్టం, దేశ చట్టంలో అది ఇంకా నిషేధమే. హెచ్1బీ మీద ఉన్నవాడు, గ్రీన్ కార్డ్ లైన్‌లో ఉన్నవాడు, రేపు ఏ అధికారి ముందో "అవును, తీసుకున్నాను" అని ఒప్పుకుంటే దేశంలోకి రానివ్వకపోవడానికి అదొక్కటే చాలవచ్చు. అబద్ధం చెప్తే అది ఇంకా పెద్ద నేరం. ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా ఆ గుమ్మం తొక్కొద్దన్నాను.

ఇక మన దగ్గర ఉన్నవి

అయస్కాంతంతో చేసే టీఎంఎస్ గురించి చాలామందికి తెలియదు. మత్తు ఇవ్వరు. కుర్చీలో కూర్చుంటే నుదుటి ఎడమవైపు ఒక తీగచుట్ట ఆనించి ఉంచుతారు, వడ్రంగిపిట్ట పొడిచినట్టు టకటకమని తడుతుంది. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు. అయ్యాక బస్సెక్కి ఆఫీసుకి వెళ్లిపోవచ్చు. తలలో లోహపు ముక్కలు ఉన్నవాళ్లకి కుదరదు, మూర్ఛ ఉన్నవాళ్లకి జాగ్రత్త కావాలి. 2018లో వచ్చిన ఒక ట్రయల్ తర్వాత మూడు నిమిషాల్లో అయిపోయే పద్ధతి కూడా వచ్చింది. ఉద్యోగం మానకుండా, మతిమరుపు లేకుండా వైద్యం కావాలనుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. రోజూ వెళ్లిరావడం కష్టం కాబట్టి సెంటర్ ఇంటికి ఎంత దూరమో చూసుకోండి. ఒక్క సిట్టింగ్ ధర కాకుండా కోర్సు మొత్తానికి ఎంతవుతుందో అడగండి.

కెటమిన్ దశాబ్దాలుగా ఆపరేషన్ థియేటర్‌లో వాడుతున్న మత్తుమందే. తక్కువ మోతాదులో సెలైన్‌లో నెమ్మదిగా ఎక్కిస్తే కొన్ని గంటల్లోనే దిగులు తేలికపడుతుంది. అంత తొందరగా పనిచేసేది ఇంకోటి లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన పీడిస్తున్నప్పుడు ఆ తొందరే ప్రాణం నిలబెట్టవచ్చు. అయితే ఒక డోసు వారం, పది రోజులకి మించి నిలవదు, మళ్లీ మళ్లీ ఎక్కించాలి. అలవాటయ్యే ప్రమాదం ఉంది, ఇష్టం వచ్చినట్టు వాడినవాళ్లకి మూత్రాశయం దెబ్బతింటుంది. పుట్టగొడుగులో ఉండే "ఆ అనుభవం" కోసం వెతికేవాళ్లకి చట్టం లోపల దొరికే దగ్గరి చుట్టం ఇదే. అమెరికాలో దీనికే దగ్గరిదైన ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేకి 2019లో అనుమతి వచ్చింది. పీల్చాక కనీసం రెండు గంటలు క్లినిక్‌లోనే కూర్చోబెడతారు. మావాడికి అది కూడా చెప్పాను.

చివరిది కరెంటు, డాక్టర్ల మాటలో ఈసీటీ: మత్తు ఇచ్చి మెదడుకి కాసేపు కరెంటు పంపే వైద్యం. పేరు వింటేనే ఇంట్లో అందరూ వణుకుతారు. సినిమాల్లో చూపించిన ఆ కేకలూ కట్లూ మన తలల్లోంచి పోవు. ఎర్రగడ్డ అన్న ఊరి పేరునే తిట్టుగా చేసుకున్నవాళ్లం మనం.

మా అమ్మ ఆ సంవత్సరం అన్నం మానేసింది. తన పాపం వల్లే ఇంట్లో అందరికీ అరిష్టం పట్టిందని నమ్మింది, మంచినీళ్లు ఇచ్చినా వద్దని చెయ్యి అడ్డం పెట్టేది. డాక్టర్ ఈసీటీ అన్నప్పుడు మా నాన్న లేచి బయటికి వెళ్లిపోయారు. రెండు రోజుల తర్వాత సంతకం పెట్టారు. మొదటి రోజు పొద్దున్న నర్సు ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదంది. అమ్మ గాజులు తీసింది, ముక్కుపుడక తీసింది, మంగళసూత్రం మాత్రం పట్టుకుని వదల్లేదు. మా మేనత్త దారానికి పసుపు రాసి, పసుపుకొమ్ము కట్టి మెళ్లో వేసింది, అప్పుడు తీయనిచ్చింది. మత్తు డాక్టర్ సూది వేశారు. ఒళ్లు బిగుసుకోకుండా ఇంకో మందు ఇచ్చారు. నేను తలుపు అద్దంలోంచి చూశాను. కేక లేదు, కట్లు లేవు. కుడికాలి బొటనవేలు కాసేపు అదిరింది, అంతే. అరగంటకి కళ్లు తెరిచి "పాలవాడు వచ్చాడా?" అంది. పది నిమిషాల్లో అదే ప్రశ్న మూడుసార్లు అడిగింది. అప్పుడు భయపడ్డాను. ఐదో సిట్టింగ్ అయ్యాక ఇంటికి వచ్చి, జాడీ మూత తీసి వాసన చూసి, "ఈ ఏడు ఆవకాయలో మెంతులు ఎవరు ఎక్కువేశారు?" అంది. ఆరోజు అన్నం కలుపుకుని తినింది. మొత్తం ఎనిమిది అయ్యాయి.

దానికి చెల్లించిన ధర కూడా ఉంది. ఆ రెండు నెలల్లో జరిగిన మా చెల్లి నిశ్చితార్థం అమ్మకి గుర్తులేదు. ఫోటోలు చూపిస్తే వేరేవాళ్లవి చూసినట్టు చూస్తుంది. మిగతా జ్ఞాపకం తిరిగి వచ్చింది, అది రాలేదు.

ఇప్పుడు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఈసీటీ చేయడం నిషేధం. మైనర్లకి సంరక్షకుల సమ్మతి, ఆ చట్టం కింద ఏర్పడిన మానసిక ఆరోగ్య బోర్డు అనుమతి రెండూ కావాలి. మనిషి తిండీ నీళ్లూ మానేసినప్పుడు, లేని పాపాలూ గొంతులూ నమ్ముతున్నప్పుడు, ముసలితనంలో డిప్రెషన్ ముదిరినప్పుడు దీనికి సాటి వచ్చేది ఇప్పటికీ లేదు. అలాంటి భ్రమలు లేని డిప్రెషన్‌లో మాత్రం కెటమిన్ దీనికి తీసిపోదని 2023లో 403 మందితో చేసిన ట్రయల్ చూపించింది. అందులో కెటమిన్‌తో 55 శాతం మందికి, ఈసీటీతో 41 శాతం మందికి గుణం కనబడింది, జ్ఞాపకశక్తి ఇబ్బందులు కూడా కెటమిన్ వర్గంలో తక్కువ. ఆ ఫలితాన్ని మా అమ్మలాంటి రోగికి మాత్రం వర్తింపజేయకూడదు, అలాంటివాళ్లని ఆ ట్రయల్‌లో చేర్చుకోలేదు.

మరి ఎవరికి ఏది

మందులు సరిగ్గా వాడనివాళ్లకి: మళ్లీ మొదలుపెట్టి, డాక్టర్ చేత మోతాదు పెంచించుకుని, పక్కన కౌన్సెలింగ్ పెట్టుకోవడమే అన్నిటికంటే చౌక, అన్నిటికంటే క్షేమం. సరిగ్గా వాడినా లాభం లేక, ఉద్యోగం ఎలాగో లాక్కొస్తున్నవాళ్లకి టీఎంఎస్. ప్రాణం మీదకి వచ్చే ఆలోచనలు ఉంటే వెంటనే ఆసుపత్రి, అక్కడ కెటమిన్ గానీ ఈసీటీ గానీ డాక్టర్ నిర్ణయిస్తారు. ఆ స్థితిలో ఉన్న మనిషిని పుట్టగొడుగు సెంటర్‌కి తీసుకెళ్లడం తప్పు. సిలోసైబిన్ గురించి ఆలోచించదగ్గవాళ్లు, నా దృష్టిలో, ఇవన్నీ దాటి వచ్చినవాళ్లు. ఇంట్లో పిచ్చి, బైపోలార్ చరిత్ర లేనివాళ్లు, చట్టం ఒప్పుకున్న దేశంలో పౌరులుగానో శాశ్వత నివాసులుగానో ఉన్నవాళ్లు, డాక్టర్ చేతి కింద, వీలైతే ట్రయల్‌లో చేరగలిగినవాళ్లు. ఆఖరి దశ క్యాన్సర్ రోగులకి నేను ఇంత కఠినంగా చెప్పను. వాళ్ల విషయంలో చట్టాలు త్వరగా మారాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మన రాష్ట్రాల్లో ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ-మానస్, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ తీసి చూడండి. శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలని అదే 2017 చట్టం చెప్తోంది. అయితే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునేవాటికి చాలా పాలసీలు డబ్బివ్వవు, ముందే అడగండి.

మావాడి చేత ఒక కాగితం రాయించాను. ఇప్పటిదాకా వేసుకున్న ప్రతి మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎందుకు ఆపాడు. కింద థైరాయిడ్, బి12 అని రాసి పక్కన ఖాళీ వదిలాడు. దాని కింద పిన్నిని అడిగి కనుక్కున్న ఒక లైను ఉంది, ఇన్నాళ్లూ మాలో ఎవరికీ తెలియనిది: వాళ్ల తాతగారు రెండేళ్లు ఎవరితోనూ మాట్లాడకుండా గదిలో ఉండిపోయారట, ఆ తర్వాత ఒక్కసారిగా పొలం అంతా అమ్మి ఊరందరికీ పంచేశారట. ఆ కాగితం తీసుకుని వచ్చే గురువారం సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తున్నాడు.